మన వీధికి రంగు వేసేదెవరు?

నాకు ఏడాది వయసున్నప్పుడు, 2007 జూన్‌లో, కర్ణాటక ప్రభుత్వం ఒక పటాన్ని ఆమోదించింది. దాని పేరు ‘రివైజ్డ్ మాస్టర్ ప్లాన్ 2015’. 2015 వచ్చింది, పోయింది. నేను డిగ్రీ రెండో సంవత్సరానికి వచ్చేశాను. అయినా యలహంకలో ఎక్కడ ఇల్లు కట్టవచ్చు, ఎక్కడ కొట్టు పెట్టవచ్చు, ఎక్కడ ఏమీ కట్టకూడదు అన్నది ఆ పటాన్ని చూసే చెబుతున్నారు. దాని స్థానంలో రావాల్సిన 2031 ముసాయిదా 2017 నవంబరులో బయటికొచ్చింది. వేల అభ్యంతరాలు వచ్చాయి. 2020లో ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసేసుకుంది.

ఆ పటం చూస్తే అక్షరాలకన్నా రంగులే ఎక్కువ. పసుపు అంటే నివాసం. నీలం అంటే వ్యాపారం. వంకాయ రంగు అంటే పరిశ్రమలు. ఎరుపు అంటే బడులు, ఆసుపత్రుల వంటివి. ఆకుపచ్చ అంటే పార్కులు, ఆటస్థలాలు. ఊరి చుట్టూ వ్యవసాయ జోను. మీ వీధి కూడా అందులో ఏదో ఒక రంగులో ఉంటుంది. ఆ రంగు ఎవరు వేశారు? ఏ హక్కుతో వేశారు? మనల్ని అడిగారా? పట్టణ ప్రణాళిక అనే పెద్ద సబ్జెక్టులోకి ఈ మూడు ప్రశ్నలతో వెళ్ళవచ్చు.

పిన్ని సైటు

నాకు ఈ విషయం మీద ఆసక్తి పుట్టింది పుస్తకం వల్ల కాదు, మా పిన్ని వల్ల. మా నాన్న వాళ్ళది యలహంకే. అమ్మ వాళ్ళది హిందూపురం. ఇంట్లో నాన్నతో కన్నడం, అమ్మతో తెలుగు. అమ్మ తర్వాత పిన్నీ బాబాయీ కూడా హిందూపురం నుంచి ఇటే వచ్చి, ఊరి బయట ముప్పై బై నలభై సైటు ఒకటి కొన్నారు. కొనేముందు బాబాయి రోడ్డుందా, బోరు పడుతుందా, ఖాతా ఉందా అని అన్నీ అడిగాడు. మధ్యవర్తి కందాయం కట్టిన రసీదులు చూపించి, “ఖాతా ఉంది కదమ్మా, ఇంకేం కావాల?” అన్నాడు.

ఇల్లు కట్టడానికి లోన్ అడిగితే బ్యాంకులో వేరే ప్రశ్నలు వచ్చాయి. భూమార్పిడి ఆదేశం ఏది? లేఅవుట్‌కి ఆమోదం ఏది? మాస్టర్ ప్లాన్‌లో ఇది ఏ జోను? ఒక్కదానికీ కాగితం లేదు. స్థలం వ్యవసాయ జోనులో ఉంది. ఆ రోజు పిన్ని ఫోన్‌లో అమ్మతో, “భూమికి రంగేమిటక్కా? మట్టి రంగే కదా!” అంది.

బెంగళూరు చుట్టుపక్కల ‘రెవెన్యూ సైటు’ అంటారే, అది ఇదే. వ్యవసాయ భూమిని మార్చకుండా, లేఅవుట్ ఆమోదం లేకుండా ముక్కలు చేసి అమ్మడం. కర్ణాటక భూ రెవెన్యూ చట్టం (1964) సెక్షన్ 95 ప్రకారం వ్యవసాయ భూమిని వేరే పనికి వాడాలంటే డిప్యూటీ కమిషనర్ అనుమతి కావాలి. ఆ మార్పు మాస్టర్ ప్లాన్‌లోని రంగుకు సరిపోవాలి. ఖాతా అనేది పన్ను ఎవరు కట్టాలో రాసుకునే లెక్క మాత్రమే. అది యాజమాన్యానికీ రుజువు కాదు, ఇల్లు కట్టుకోవడానికీ అనుమతి కాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో కుటుంబాల బంగారం, పీఎఫ్ డబ్బు అలాంటి మట్టిలో ఇరుక్కుపోయాయి.

చట్టం లేని రోజుల్లో

ప్రణాళిక అంటే ఇంగ్లీషువాళ్ళు తెచ్చిందనుకుంటాం గానీ, మన ఊరి చరిత్రే వేరే మాట చెబుతుంది. యలహంక నాడప్రభువులు విజయనగర రాజుల కింద సామంతులు. ఆ వంశంలోని కెంపేగౌడ 1537లో ఇక్కణ్ణుంచి వెళ్ళి బెంగళూరు కోటను, పేటను కట్టించాడు. అంటే యలహంక బెంగళూరుకు శివారు అయింది తర్వాతే, ముందు బెంగళూరే యలహంక నుంచి పుట్టింది. దొడ్డపేట కూడలి నుంచి నాలుగు దిక్కులకూ ఎద్దుల నాగళ్ళు తోలి, ఆ చాళ్ళమీదే వీధులు వేశారని చెబుతారు.

పేటల పేర్లు చూడండి. అక్కిపేటలో బియ్యం, అరళెపేటలో పత్తి, గాణిగరపేటలో నూనె గానుగలు, కుంబారపేటలో కుమ్మరులు. ఏ పని ఎక్కడ జరగాలో ముందే వేరు చేసి పెట్టారు. ఇప్పుడు దాన్నే జోనింగ్ అంటున్నారు. తేడా ఏమిటంటే అప్పుడు పని, కులం, ఇల్లు మూడూ ఒకే వీధిలో ముడిపడి ఉండేవి. నీళ్ళకు చెరువులు తవ్వించారు. వాటిలో ధర్మాంబుధి చెరువు ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండ్. సంపంగి చెరువు ఉన్నచోట కంఠీరవ స్టేడియం. చెరువును చూసి ఊరు కట్టినవాళ్ళ తర్వాత, ఊరి కోసం చెరువు పూడ్చినవాళ్ళు వచ్చారన్నమాట.

భయంలోంచి పుట్టిన చట్టం

ఆధునిక ప్రణాళిక చట్టాలు అందం కోసం పుట్టలేదు. రోగం, వరద పుట్టించాయి. ఇంగ్లండులో ఫ్యాక్టరీ ఊళ్ళలో కలరాతో జనం చనిపోతుంటే 1848లో ప్రజారోగ్య చట్టం వచ్చింది. ‘టౌన్ ప్లానింగ్’ అనే మాట పేరులో ఉన్న చట్టం అక్కడ 1909లో వచ్చింది. మన దగ్గర ప్లేగు ఆ పని చేసింది. ప్లేగు తర్వాత 1898లో బొంబాయి సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. అదే సంవత్సరం ప్లేగు బెంగళూరు పేటలోకి వచ్చింది. ఇరుకు పేట నుంచి జనాన్ని బయటికి తేవడానికి బసవనగుడి, మల్లేశ్వరం పెద్దవయ్యాయి. తిన్నటి వీధులు, ఇళ్ళ వెనుక సందులు, గాలి వెలుతురు, ఇవన్నీ ఆ భయంలోంచి వచ్చినవే.

హైదరాబాదుకు ఆ పాఠం నీళ్ళు నేర్పాయి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన పుట్టింది యలహంక దాటి వెళ్తే వచ్చే ముద్దేనహళ్ళిలో. ఇంటిపేరు మాత్రం ప్రకాశం జిల్లా వైపున్న మోక్షగుండం ఊరిది, ఇంట్లో భాష తెలుగు. మనలాంటి రెండు భాషల ఇల్లే. పైన జలాశయాలు కట్టి వరదను ఆపాలని, నగరానికి మురుగు కాలువలు వేయాలని ఆయన చెప్పాడు. ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) అలా వచ్చాయి. 1912లో హైదరాబాదుకు సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. బెంగళూరుకు అలాంటి ట్రస్టు బోర్డు 1945లో వచ్చింది. అదే 1976 చట్టంతో బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం, అంటే బీడీఏ అయింది.

ఈ ట్రస్టుల్లో మంచితోపాటు ఒక చెడు అలవాటు కూడా మొదలైంది. రోగం ఉన్న చోట ఇళ్ళు పడగొట్టి రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు. పడగొట్టిన ఇళ్ళలో ఉన్నది పేదవాళ్ళు. కొత్త లేఅవుట్లలో సైటు కొనగలిగింది వేరేవాళ్ళు.

ముగ్గురు ఆలోచనాపరులు

ఎబెనెజర్ హోవర్డ్ అనే ఆయన లండన్ పార్లమెంటులో షార్ట్‌హ్యాండ్ రాసుకునే ఉద్యోగి. ఆయన కూడా ఆ 1898లోనే ఒక పుస్తకం రాశాడు. పట్నంలో పని ఉంటుంది గానీ గాలి ఉండదు, పల్లెలో గాలి ఉంటుంది గానీ పని ఉండదు, కాబట్టి రెండూ కలిసిన చిన్న ఊళ్ళు కట్టాలన్నాడు. ఒక్కో ఊరికి 32,000 మంది. చుట్టూ పొలాలు. భూమి ఊరందరిదీ. దాన్ని గార్డెన్ సిటీ అన్నారు. 1903లో లెచ్‌వర్త్ అనే ఊరు అలా మొదలైంది. తర్వాత ప్రపంచమంతా కట్టిన ఉపనగరాలకు ఆయన ఆలోచనే ముత్తాత.

యలహంక న్యూటౌన్‌ను కన్నడంలో ‘ఉపనగర’ అనే అంటారు. కర్ణాటక హౌసింగ్ బోర్డు కట్టిన ఊరు. అక్కడి అడ్రసులు చూస్తే ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. అని ఉంటాయి. అంటే తక్కువ ఆదాయం, మధ్య ఆదాయం, ఎక్కువ ఆదాయం. నా స్నేహితురాళ్ళు కొందరు ఆ అక్షరాలను రోజూ రాస్తారు, వాటి అర్థం అడిగితే తెలియదంటారు. హోవర్డ్ కలలోంచి మనం వీధులు తీసుకున్నాం, పార్కులు తీసుకున్నాం. భూమి అందరిదీ అన్న మాట వదిలేశాం. దాని బదులు ఇంటి అడ్రసులోనే ఇంటివాళ్ళ జీతం రాసిపెట్టాం.

రెండో ఆయన పాట్రిక్ గెడ్డెస్. స్కాట్లండ్ జీవశాస్త్రవేత్త. 1914లో మద్రాసు వచ్చాడు. ఆయన నగరాల ప్రదర్శన సామగ్రి వస్తున్న ఓడను జర్మన్ల ఎమ్డెన్ ముంచేసింది. మద్రాసు మీద గుండ్లు వేసిన ఎమ్డెనే. మళ్ళీ సామగ్రి పోగుచేసి ప్రదర్శన పెట్టాడు. వైద్యుడు ముందు రోగం ఏమిటో చూసి తర్వాత మందు ఇచ్చినట్టు, ఊరిని కూడా ముందు నడిచి చూడాలని, తర్వాతే గీత గీయాలని ఆయన వాదన. పడగొట్టకుండా, అవసరమైన చోట కొద్దిగా కోసి కుట్టు వేయాలన్నాడు. ఇందూరులో దీపావళి ఊరేగింపు శుభ్రం చేసిన వీధుల గుండానే వెళ్తుందని చెప్పించాడు. దాంతో జనమే పోటీపడి వీధులు ఊడ్చుకున్నారు.

మూడో ఆమె జేన్ జేకబ్స్. డిగ్రీ లేదు, న్యూయార్కులో పత్రికకు రాసేది. ఆమె పుస్తకం 1961లో వచ్చింది. పెద్ద రోడ్ల కోసం పాత వీధులు పడగొట్టేవాళ్ళతో పోరాడింది. ఇల్లూ కొట్టూ కలిసి ఉన్న వీధే భద్రమైన వీధి అంది. ఎందుకంటే అరుగు మీద, కిటికీలో, అంగడి ముందు ఎవరో ఒకరి కళ్ళు వీధి మీద ఉంటాయి. ఇది మనకు పుస్తకం చదవకుండానే తెలుసు. ట్యూషన్ నుంచి ఏడున్నరకు వచ్చేటప్పుడు గోడలు మాత్రమే ఉన్న అపార్ట్‌మెంట్ రోడ్డు వదిలి, పూలకొట్టు, ఇడ్లీ బండి ఉన్న పాత యలహంక సందులోంచే కదా మనం వస్తాం! పటంలో ఆ పూలమ్మి కూర్చునే చోటుకు ఏ రంగూ లేదు.

చట్టం ఏం చెబుతుంది

మన రాజ్యాంగంలో భూమి, స్థానిక పాలన రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. అందుకే ప్రతి రాష్ట్రానికీ వేరే ప్రణాళిక చట్టం. ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం (1920) వారసత్వంగా వచ్చింది. ఇక్కడ కర్ణాటక పట్టణ, గ్రామీణ ప్రణాళిక చట్టం (1961).

భూమి మీద ప్రభుత్వానికి మూడు దారులున్నాయి. మొదటిది భూసేకరణ. డబ్బిచ్చి తీసుకోవడం. 1894 నాటి చట్టం పోయి 2013లో కొత్తది వచ్చింది. రెండోది సమీకరణ. అమరావతి కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చింది ఇలాగే. భూమి ఇస్తే అభివృద్ధి చేసిన ప్లాటు తిరిగి వస్తుంది. ఊరు కట్టడం ఆగితే రైతు పొలం పోయి, ప్లాటు రాక మధ్యలో నిలబడతాడు. అక్కడ జరిగింది మనం చూశాం. మూడోది జోనింగ్. ప్రభుత్వం భూమి కొనదు, పైసా ఇవ్వదు, రంగు మాత్రం వేస్తుంది. అమెరికాలో యూక్లిడ్ అనే ఊరి కేసులో 1926లో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందంది. పిన్ని తగులుకున్నది ఈ మూడో దారిలోనే.

1961 చట్టంలో ఒక వరస ఉంది. ప్రణాళికా సంస్థ ముందు సర్వే చేస్తుంది. ఇప్పుడు భూమి ఎలా వాడుతున్నారో పటం గీస్తుంది. తర్వాత ముందుముందు ఎలా ఉండాలో గీస్తుంది. ప్రభుత్వం తాత్కాలికంగా ఆమోదించి దాన్ని ప్రజల ముందు పెడుతుంది. 60 రోజుల్లో ఎవరైనా అభిప్రాయం చెప్పవచ్చు. వాటిని చూశాక తుది ఆమోదం. అక్కడితో ఆ రంగు చట్టమైపోతుంది. దానికి విరుద్ధంగా కట్టకూడదు.

రంగు వేసిన ప్రభుత్వమే దాన్ని తుడిచేస్తే? దానికీ బెంగళూరే జవాబిచ్చింది. రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రభుత్వ ఆదేశంతో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చారు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకు వెళ్ళారు. ‘బెంగళూరు మెడికల్ ట్రస్టు’ కేసుగా పేరుపడిన దాంట్లో సుప్రీంకోర్టు 1991లో ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు ఆ ప్రాంతంలో ఉండేవాళ్ళందరిదీ, కాబట్టి కోర్టుకు రావడానికి వాళ్ళకు హక్కుంది అంది. ఆ స్థలం తమ పేరున లేకపోయినా సరే.

1992లో వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఇంకో మెట్టు ఎక్కింది. 12వ షెడ్యూలులో నగరపాలక సంస్థలకు ఇవ్వదగ్గ 18 పనులున్నాయి. మొట్టమొదటిదే పట్టణ ప్రణాళిక. పది లక్షలు దాటిన మహానగరానికి ప్రణాళికా సంఘం ఉండాలి, అందులో కనీసం మూడింట రెండు వంతులు ఎన్నికైనవాళ్ళు ఉండాలి అని కూడా రాశారు. కానీ బెంగళూరు పటం గీసే పని ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి బీడీఏ దగ్గరే ఉండేది. యలహంకకు సొంత పురసభ ఉండేది. 2007లో అది మరో ఆరు పురసభలు, కెంగేరి, 110 గ్రామాలతోపాటు బీబీఎంపీలో కలిసిపోయింది. బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. తర్వాత ఏళ్ళ తరబడి ఎన్నికలు లేవు. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేస్తే మనం బెంగళూరు ఉత్తరంలోకి వచ్చాం. పేర్లు మారుతూనే ఉన్నాయి. పటం మాత్రం అదే.

ముప్పై మీటర్ల గీత

రంగు తప్పితే పోయేది ఒక్కరి డబ్బే అనుకోవద్దు. 2021 నవంబరులో యలహంక చెరువు పొంగి కేంద్రీయ విహార్ అపార్ట్‌మెంట్లు నీళ్ళలో మునిగాయి. జనాన్ని పడవల్లో, ట్రాక్టర్లలో బయటికి తెచ్చారు. 2024 అక్టోబరులో మళ్ళీ అదే జరిగింది. చెరువులు ఒకదానికొకటి రాజకాలువెలతో కలిసి ఉంటాయి. పై చెరువు నిండితే నీళ్ళు కింది చెరువుకు పోవాలి. దారిలో కాలువ ఇరుకైతే, నీళ్ళు తమకు గుర్తున్న పాత దారిలోనే పోతాయి. అక్కడ ఇప్పుడు ఎవరి హాలో, ఎవరి పార్కింగో ఉంటుంది.

2015 ప్లాన్ ప్రకారం చెరువు చుట్టూ 30 మీటర్లు ఖాళీ వదలాలి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని 75 మీటర్లు చేసింది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టబద్ధంగా అమల్లో ఉన్న మాస్టర్ ప్లాన్‌ను ట్రిబ్యునల్ మార్చలేదని తీర్పు. నలభై ఐదు మీటర్ల తేడా ఒక పటంలో ఉన్న అంకె వల్ల నిలిచింది, పోయింది. మరి ఆ అంకె రాసేరోజు మనం ఎక్కడున్నాం అన్నదే అసలు ప్రశ్న.

అరవై రోజులు

షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే ఆమె 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అడుగు మెట్ల మీద ప్రజలను అడిగినట్టు నటిస్తారు. మధ్య మెట్లలో చెబుతారు, వింటారు, నిర్ణయం మాత్రం వాళ్ళదే. పై మెట్లలో నిర్ణయం ప్రజల చేతికి వస్తుంది. మన 60 రోజులు మధ్య మెట్టు. చిన్నదే అయినా అది ఉంది. దాన్ని వాడుకునేది మాత్రం ఎక్కువగా పటం చదవగలిగినవాళ్ళు, వకీలు ఉన్నవాళ్ళు. మా పిన్నికి జోను అన్న మాట బ్యాంకులోనే మొదటిసారి వినబడింది. పాత ఊళ్ళో పూలమ్మే ఆమెకు ముసాయిదా వచ్చినట్టే తెలియదు.

అందుకే నాకు రెండు విషయాలు చెప్పాలనిపించింది. మొదటిది, మీ ఇంట్లో ఎవరైనా సైటు చూస్తుంటే, ఖాతా ఒక్కటే అడిగి ఊరుకోనివ్వకండి. మాస్టర్ ప్లాన్‌లో ఏ జోను, భూమార్పిడి జరిగిందా, లేఅవుట్‌ను ప్రణాళికా సంస్థ ఆమోదించిందా, చెరువుకూ రాజకాలువెకూ ఎంత దూరం — ఈ నాలుగు ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి.

రెండోది, ఇవాళ కాకపోతే రేపు కొత్త ముసాయిదా వస్తుంది. వచ్చిన వారం యలహంక భాగం ఉన్న షీటును ప్రింటు తీసి, ఈ గోడ పత్రిక పక్కనే పెడదాం. రంగుల అర్థం తెలుగు విభాగం తెలుగులో, కన్నడ విభాగం కన్నడంలో రాస్తే చాలు. ఎవరి వీధి వాళ్ళు వెతుక్కోవచ్చు. బస్టాపు లేని చోట, వీధిదీపం లేని చోట, చెరువు గీత జరిగిన చోట ఒక చుక్క పెట్టవచ్చు. ఆ చుక్కలన్నీ కలిపి 60 రోజుల్లోపు ఉత్తరంగా రాసి పంపుదాం. దానికి ఇంజనీరింగ్ చదవక్కరలేదు, మన ఊరు మనకు తెలిస్తే చాలు. చేరాలనుకున్నవాళ్ళు ఈ కాగితం కింద మీ పేరు, సెక్షన్ రాయండి.